భాలుబాసా ఆముదం

మధుసూదన్ సార్ దగ్గర ఫెయిలవడం అంత తేలికైన పని కాదు. వేరే మాస్టార్ల దగ్గరైతే ఓ మూల తల వంచుకుని నిలబడి, ఇంట్లో నాలుగు తిట్లు తిని, మళ్ళీ పరీక్ష రాసి గట్టెక్కేయవచ్చు. ఈయన దగ్గర ఆ పప్పులు ఉడకవు. యూనిట్ టెస్టులో ఏ పాఠంలో తప్పావో ఆ పాఠాన్ని నువ్వే ఒక పీరియడ్ మొత్తం నిలబడి క్లాసుకి చెప్పాలి. ప్రయోగం కూడా చేసి చూపించాలి. దానికి కావలసిన సరుకు ఇంటినుంచి తెచ్చుకోవాలి. అంతా అయ్యాక ఆయన ప్రశ్నలు అడుగుతారు. నిన్ను కాదు, విన్నవాళ్ళని. వాళ్ళు చెప్పగలిగితే నువ్వు పాసు. వాళ్ళు నోరు వెళ్ళబెడితే సోమవారం నుంచి నీ సంచీ భుజాన వేసుకుని సి సెక్షన్‌కి వెళ్ళిపోవడమే.

సి సెక్షన్ అంటే జైలేమీ కాదు. అక్కడా పిల్లలు పాసవుతారు, కొందరికి మంచి మార్కులే వస్తాయి. కాకపోతే గైడులో ఉన్నది బోర్డు మీదికి ఎక్కించడం, బోర్డు మీద ఉన్నది పిల్లలు దించుకోవడం, అంతవరకే అక్కడి చదువు. లేబొరేటరీ తలుపు రికార్డు పుస్తకాల మీద సంతకాలు పెట్టే రోజునే తెరుస్తారు. ఎందుకు అని అడిగే పిల్లలుండరు. అడిగినా చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈసారి పాఠం చెప్పే వంతు తనుశ్రీకి వచ్చింది.

తనుశ్రీ ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సీతారాండేరా పేటలో ఉండే పోలరాజు కూతురు, ప్లస్ టూ చదువుతోంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంట్లో ఆ పేరేమిటని మీరనుకోవచ్చు. పురిటి గదిలో పక్క మంచం మీదున్న బెంగాలీ ఆవిడ ముచ్చటపడి పిలిచిన పేరది, అలాగే నిలిచిపోయింది. నానమ్మ జగదాంబ మాత్రం ఆ పేరు ఒక్కనాడూ పలకలేదు. 'గుంటా' అనే పిలుస్తుంది, ముద్దూ తిట్టూ అన్నీ అందులోనే. మనవరాలు హిందీలో జవాబు చెబుతుంది, నానమ్మ తెలుగులో అడుగుతుంది, ఇద్దరికీ ఏ లోటూ లేదు.

ఫిజిక్స్ అంటే ఆ పిల్లకి ప్రాణం. రాదు, అయినా ప్రాణం. కొందరు బంధువులుంటారు చూడండి, మనతో సరిగ్గా మాట్లాడరు, అయినా వాళ్ళొచ్చారంటే ఇల్లు పండగలా ఉంటుంది. ఆ వరస. మధుసూదన్ సార్ బోర్డు మీద ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ బాణాలు గీసి, "ఇక్కడంతా ఖాళీ అనుకుంటున్నారు కదా, కాదు" అన్నప్పుడు ఆమెకి ఒళ్ళు జలదరించింది. ఖాళీ కాకపోతే అక్కడ ఉన్నదేమిటో మాత్రం అంతుపట్టలేదు. సి సెక్షన్‌కి వెళితే ఆ చుక్కా ఉండదు, ఆ మాటా ఉండదు. అదీ ఆమె భయం.

పరీక్షలో విద్యుత్ క్షేత్రం గురించీ, పొటెన్షియల్ ఎనర్జీ గురించీ ఆమె నిర్వచనాలన్నీ కామా పోకుండా రాసింది. సార్ వాటన్నిటి చుట్టూ ఎర్రగా గీత తిప్పి, 'ఇవి పుస్తకం మాటలు, నీ మాటలేవి?' అని పక్కన రాశారు. ఆఖరి ప్రశ్నకి ఆమె అసలు జవాబే రాయలేదు. ఒక ప్లస్ చార్జీ, ఒక మైనస్ చార్జీ దగ్గర దగ్గరగా ఉంటే వాటి పొటెన్షియల్ ఎనర్జీకి మైనస్ గుర్తు వస్తుంది. ఆ మైనస్‌కి అర్థమేమిటి? ఇదీ ప్రశ్న. శక్తి ఉంటే ఉండాలి, లేకపోతే లేకుండా పోవాలి. ఏమీ లేనిదానికంటే తక్కువ ఎలా ఉంటుందో ఆమె బుర్రకి ఎంతకీ ఎక్కలేదు.

మధుసూదన్ సార్ తెలుగువారే. కద్మాలో కంపెనీ క్వార్టర్స్‌లో ఉంటారు, ఆయన భార్య ప్లాంటులో ఇంజినీరు. క్లాసులో హిందీ, ఇంగ్లీషు తప్ప మాట్లాడరు. తెలుగు పిల్లలతో ఎప్పుడైనా తెలుగులోకి దిగారంటే పరిస్థితి బాగాలేదని అర్థం.

"శనివారం మూడో పీరియడ్ నీదమ్మా" అన్నారాయన తెలుగులో. "ఆముదం తెచ్చుకో. బొంబాయి రవ్వ తెచ్చుకో. చర్ఖా నేనిస్తాను."

చర్ఖా అంటే లేబొరేటరీలో ఉన్న పాత యంత్రం. పిడి తిప్పితే పళ్ళేల్లాంటి రెండు చక్రాలు వ్యతిరేక దిశల్లో తిరిగి చార్జీ పుట్టిస్తాయి. దానికి ఆ పేరు పెట్టినవాడు సౌరభ్. తనుశ్రీ చదివే 'ఎ' సెక్షన్‌లో అందరికంటే తెలివైనవాడూ, అందరికంటే బద్ధకస్తుడూ వాడే. తనుశ్రీ బెంచీ దాటి వెళుతుంటే, "వానాకాలంలో ఆ చర్ఖా తిరగడమే గానీ పని చెయ్యదు. చెమ్మ గాలిలో చార్జీ నిలవదు. ముందే చెబుతున్నా" అన్నాడు. వాడి ఉద్దేశం సాయం చేయడమే కావచ్చు గానీ, ఆ పిల్ల గుండెలో రాయి పడింది.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాన రేకుల మీద దడదడలాడుతోంది. తల్లి ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళింది. నానమ్మ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది.

"ఏటే గుంటా, ఆముదం తాగినట్టు మొగం ఎట్టుకున్నావేటి?"

మామూలుగా అయితే తనుశ్రీకి నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ మాటే గుచ్చుకుంది. "ఆముదమే చాహియే నానమ్మా. సూజీ భీ. కల్ స్కూల్ మే" అంది.

జగదాంబ చెయ్యి ఆగింది. ఆముదమూ, ఉప్మా రవ్వా ఒకేసారి ఒక బడికి ఎందుకు కావలసి వస్తాయో ఆవిడ క్షణంలో లెక్క కట్టేసింది. ఆవిడ చిన్నతనంలో ఏడాదికోసారి పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఆముదం పట్టించేవారు. కడుపు కడిగినట్టయ్యాక ఏదైనా తేలికైనది పెట్టేవారు. "మంచి పనే. బజారు తిళ్ళు తినీ తినీ మీ అందరి కడుపులూ పాడైపోనాయి. మీ సారు బుద్ధిమంతుడు" అంది.

"నహీ నానమ్మా, ఎక్స్‌పెరిమెంట్ హై."

"అలగే అంటారు. అలగనకపోతే తాగుతారేటి?"

వాదించే ఓపిక తనుశ్రీకి లేదు. అంతలో పోలరాజు పనినుంచి వచ్చాడు. కాంట్రాక్టు ఫిట్టరు. తడిసిన చొక్కా దండెం మీద వేస్తూ కూతురి గోడు విన్నాడు. "మధుసూదన్ గారు మనోళ్ళే కదమ్మా. ఒక్క మాట సెప్పమంటే సెప్తాను" అన్నాడు.

"వద్దు నాన్నా."

"మనోళ్ళైతే ఇంకా గట్టిగా అడుగుతారొరే" అంది జగదాంబ. "దాని పాఠం అదే సెప్పుకుంటాది. నువ్వు టీ తాగు." పోలరాజు టీ గ్లాసు అందుకున్నాడు. ఆ ఇంట్లో తల్లి మాటకి తిరుగు లేదు.

నానమ్మ మూకుడు పొయ్యి మీద పెట్టి రవ్వ పోసింది. గరిటెతో కలియబెడుతుంటే రవ్వ మొదట మూకుడుకి అంటుకుంది, తరవాత విడివిడిగా దొర్లింది, కమ్మటి వాసన వేసింది. తనుశ్రీ గోడకి ఆనుకుని పుస్తకం తెరిచింది. పాఠం ఎవరికో ఒకరికి చెప్పి చూసుకోవాలి. ఉన్నది నానమ్మ ఒక్కతే. ఇంగ్లీషులో మొదలెట్టి గడగడా నిర్వచనం అప్పజెప్పింది.

"నాకేటి అరదమవుద్దే? ఇంగిలీసు రాదు. ఇందీ బజారు బేరానికి సరిపోద్ది, అంతే. తెలుగులో సెప్పు."

తెలుగులో చెప్పడమంటే కంఠస్థం పట్టినదేదీ పనికిరాదు. తనుశ్రీ ఒక్కో మాటా వెతుక్కుంటూ మొదలుపెట్టింది.

"ఒక చార్జీ ఉంది నానమ్మా. దాని దగ్గరికి ఇంకో చార్జీని తీసుకురావాలి. రెండూ ఒకటే రకం. అవి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి."

"ఒకటే రకమైతే తోసుకుంటాయా?" జగదాంబ గరిటె ఆపింది. "నిజమేలే. రెండూ మొండివైతే ఎలగ కుదురుద్ది?" అని కిటికీ వైపు చూసింది. కిటికీ అవతల, పక్క పేట భాలుబాసాకి వెళ్ళే దారి ఉంది.

ఇక్కడ భాలుబాసా సంగతి చెప్పాలి. అక్కడ జగదాంబ తోటికోడలు ధనమ్మ ఉంటుంది. అన్నదమ్ముల పెళ్ళాలు, ఒకే రైల్లో ఈ ఊరొచ్చారు, మొదట ఒకే వీధిలో కాపురం పెట్టారు. చిన్నది పెద్దదాన్ని అక్కా అన్నట్టు 'అప్పా' అని పిలిచేది. ఎవరి పెళ్ళిలోనో పప్పులో ఉప్పెక్కువైందని ఒకరన్నారు, వండినవాళ్ళు మరొకరు. అంతే సంగతి. అప్పటినుంచి మాటల్లేవు. జగదాంబ ఆ పేరైనా పలకదు. తప్పనిసరైతే 'భాలుబాసా' అంటుంది. భాలుబాసాకి జ్వరమంట, భాలుబాసా ఊరెళ్ళిందంట.

తనుశ్రీకి చటుక్కున ఏదో తట్టింది. పుస్తకం మూసేసింది.

"నానమ్మా, చిన్ననానమ్మ పలాస వెళ్ళినప్పుడు నీకెలా ఉంటుంది?"

"నాకేటి? ఊసే ఉండదు. సుకంగా ఉంటాను."

"అదే ఇన్ఫినిటీ. ఒకదాని ఊసు ఇంకోదానికి లేనంత దూరం. మరి సాక్చీ బజార్లో కనబడితే?"

"కడుపులో మొదలవుతాది."

"ఒకే పందిట్లో పక్కపక్కన కూర్చోబెడితే?"

"ఎవుడే కూకోబెట్టేది? ఆడి సేతులిరిగిపోవాల."

"విరిగిపోతాయి కదా. ఆ కూర్చోబెట్టేవాడు పడే కష్టం ఎక్కడికీ పోదు నానమ్మా. మీ ఇద్దరి మధ్యా నిలవుంటుంది. అదే పొటెన్షియల్ ఎనర్జీ. వాడు చెయ్యి వదిలేశాడనుకో?"

"నాను లేసి ఎల్లిపోతాను. గబగబా."

"ఆ గబగబా అంతా అక్కడ దాచిందే!" తనుశ్రీ మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. తెలుగు మాటల కోసం తడుముకోవడం ఎప్పుడో మానేశానన్న సంగతి ఆ పిల్లకి తెలియనే లేదు. "ఇంకోటి చెప్పు. ఆవిడ కనబడితేనే నీకు కోపమా, కనబడకపోయినానా?"

"మనిసి కనపడాలేటి? ఆ వీది మలుపు తిరిగితే సాలు, ఒళ్ళు సుర్రుమంటాది."

"అంటే ఆ చోట్లోనే ఏదో ఉంది. నువ్వెళ్ళకపోయినా ఉంటుంది. నువ్వెళితే నీకు తెలుస్తుంది. అదే క్షేత్రం. మరి నేను వెళితే?"

"నీకేటవుద్ది? నీకు జంతికలు పెడతాది."

"నేను న్యూట్రల్" అంది తనుశ్రీ. ఎన్నాళ్ళనుంచో మూసుకుపోయిన ముక్కు తెరుచుకున్నంత హాయిగా ఉంది ఆమెకి. కానీ మైనస్ మాత్రం అలాగే మిగిలింది. వేరు వేరు రకాల చార్జీలైతే మైనస్ వస్తుందనీ, అదేమిటో తనకే తెలీదనీ నానమ్మతో చెప్పింది.

"తెల్దని సెప్పెయ్. అబద్దం ఆడకు" అని జగదాంబ మూకుడు దింపింది.

"రవ్వ ఎందుకు వేయించావు?"

"సెమ్మ పోవాల కదా. ఈ వానల్లో పచ్చిరవ్వ ఉండ కట్టేస్తాది, పురుగు పడతాది."

శనివారం పొద్దున్న కూడా వాన తగ్గలేదు. బయల్దేరుతుంటే నానమ్మ ఒక స్టీలు క్యారేజీ, మూతి వెడల్పున్న పాత కాఫీపొడి సీసా సంచీలో పెట్టింది. సీసాలో నల్లటి చిక్కటి వంటాముదం.

"ఇది పనికొస్తుందా?"

"భాలుబాసా కాసింది. నీరు సుక్క లేకుండా ఇగిరేదాకా కాస్తాది. అలగ ఇంకెవరికీ రాదు" అంది జగదాంబ, అది తనకేమీ సంబంధం లేని విషయమన్నట్టు. ఆటో హారన్ కొడుతోంది. తనుశ్రీ పరిగెత్తింది.

మూడో పీరియడ్‌కి మధుసూదన్ సార్ వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. తనుశ్రీ బల్ల మీద గాజు పళ్ళెం పెట్టి, క్యారేజీ మూత తీసింది. అంతే. క్లాసంతా పోపు వాసన. రవ్వలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ ముక్కలు, నలిగిన కరివేపాకు. నానమ్మ ఆముదం తాగబోయే పిల్లల మీద జాలిపడి, వేడినీళ్ళు పోసుకుంటే చాలు ఉప్మా అయ్యేట్టు అన్నీ వేసి పంపించింది.

అక్కడ మాటలన్నీ హిందీలోనే నడిచాయి, మనం తెలుగులోనే చెప్పుకుందాం. "మేడమ్, చట్నీ ఎక్కడ?" అని సౌరభ్ అడిగాడు. బెంచీలు విరగబడి నవ్వాయి. సార్ నవ్వలేదు, లేవలేదు. ఆయన పద్ధతి అది. మునిగినా తేలినా నీదే.

ఆమె ఆముదం పళ్ళెంలో పోసింది. రెండు నాణేలు ఎదురెదురుగా ముంచి, చర్ఖా తీగలు వాటికి తగిలించి, పిడి తిప్పింది. చక్రాలు బుసబుసమని తిరిగాయి. చిటికెడు రవ్వ చల్లింది. రవ్వ ఆముదం మీద హాయిగా పడుకుంది. ఇంకా గట్టిగా తిప్పింది. చెయ్యి నొప్పెట్టింది తప్ప ఒక్క గింజ కదల్లేదు.

"చెప్పానా, వానాకాలం" అన్నాడు సౌరభ్, ఈసారి నవ్వకుండానే.

తనుశ్రీ పిడి వదిలేసింది. కిటికీ అవతల వాన. సి సెక్షన్ గది ఆ కిటికీలోంచే కనిపిస్తుంది, అక్కడ ఎవరో ఏదో బోర్డు మీద ఎక్కిస్తున్నారు. ఆమె కళ్ళు అటునుంచి తిప్పుకుంది. పళ్ళెంలోకి చూసింది. ఇంత చెమ్మలోనూ రవ్వ ఉండ కట్టలేదు, విడివిడిగా ఉంది. ఎందుకుండదు, నానమ్మ వేయించింది కదా. మరి వేయించనిదేది? చర్ఖా.

"సార్, కాంతి పాఠానికి వాడే పెద్ద బల్బు తీసుకోవచ్చా?"

మధుసూదన్ సార్ తల ఊపారు. ఆమె అలమరలోంచి బల్బు తెచ్చి, వెలిగించి, చక్రాలకి దగ్గరగా పెట్టి నెమ్మదిగా తిప్పుతూ నిలబడింది. "మా నానమ్మ రవ్వ వేయించినట్టు దీన్నీ వేయించాలి. చెమ్మ ఉంటే చార్జీ జారిపోతుంది" అంది. క్లాసు మొదట గొణిగింది, తరవాత ఊరుకుంది. చక్రాలు వెచ్చబడ్డాక బల్బు పక్కన పెట్టి మళ్ళీ పిడి తిప్పింది. యంత్రానికి ముందున్న రెండు లోహపు గుండ్ల మధ్య చిటుక్కుమని నీలం మెరుపు మెరిసింది. ముందు బెంచీవాళ్ళు వెనక్కి జరిగారు.

ఆముదంలో రవ్వ కదిలింది. పడుకున్న గింజలు లేచి అటూ ఇటూ తిరిగి ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఒక నాణెం దగ్గర మొదలై, వంపు తిరిగి, రెండో నాణెం దాకా బారులు తీరాయి. నల్లటి ఆముదం మీద తెల్లటి గీతలు. బోర్డు మీద సార్ గీసిన బొమ్మే. పిల్లలందరూ బెంచీలు వదిలి బల్ల చుట్టూ మూగారు. సౌరభ్ వంగి చూసి, "ఆవాలెందుకు తిరగట్లేదు?" అన్నాడు.

"రవ్వ పొడుగ్గా ఉంది, తిరిగితే తెలుస్తుంది. ఆవగింజ గుండ్రం, ఎటు తిరిగినా ఒకటే" అంది తనుశ్రీ. ఈ జవాబు ఆమె ముందుగా ఆలోచించింది కాదు. నానమ్మ పోపు వల్ల వచ్చింది.

ఆ తరవాత ధనమ్మ కథ చెప్పింది. పేరుతో సహా చెప్పేసింది. పలాస ఇన్ఫినిటీ అనీ, పెళ్ళి పందిట్లో కూర్చోబెట్టేవాడి చేతులు విరుగుతాయనీ, వీధి మలుపు తిరిగితే ఒళ్ళు చుర్రుమంటుందనీ, తనకి మాత్రం జంతికలు దొరుకుతాయనీ. నవ్వులే నవ్వులు. కానీ ఈ నవ్వు మొదటి నవ్వు కాదు, ఆమెకి తేడా తెలిసింది.

మధుసూదన్ సార్ ఆఖరి బెంచీలోంచి లేచారు. "సౌరభ్, పళ్ళెంలో రవ్వ లేకపోతే అక్కడ ఏముంటుంది?"

"గీతలుండవు సార్. కానీ భాలుబాసా వీధి ఉంటుంది. ఎవరూ నడవకపోయినా ఉంటుంది."

ఆయన కిటికీ దగ్గర పిల్లని చూపించారు. "ఒక చోట చార్జీ పెట్టాను. దాన్ని తీసేసి రెట్టింపు చార్జీ పెట్టాను. ఆ చోటి పొటెన్షియల్ మారిందా, పొటెన్షియల్ ఎనర్జీ మారిందా?"

"చోటు చోటే సార్. వచ్చిన మనిషికి కోపం రెట్టింపు. ఎనర్జీ రెట్టింపు."

సార్ బోర్డు దగ్గరికి నడిచి, తెల్లగా ఒక మైనస్ గుర్తు గీసి, తనుశ్రీ వైపు తిరిగారు. "ఇది ఎవరికీ నువ్వు చెప్పలేదు. కాబట్టి నిన్నే అడగాలి."

తెలీదని చెప్పెయ్యమంది నానమ్మ. నోరు తెరవబోయి బల్ల మీద ఖాళీ సీసాని చూసింది. కాఫీపొడి సీసా. ప్రతి ఏడూ అది భాలుబాసా నుంచి ఆముదంతో వస్తుంది. తీసుకొచ్చేది తనే. గిన్నె గానీ సీసా గానీ ఖాళీగా తిప్పి పంపకూడదని నానమ్మ దాని నిండా ఆవకాయ పెడుతుంది. తీసుకెళ్ళేదీ తనే. ఆముదం ఇంకెక్కడా కొనదు నానమ్మ. వాళ్ళింట్లో ఇంకో ఆవకాయ ముట్టరు. ఇన్నాళ్ళూ మోసిన సీసా గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

"సార్, నేను చెప్పిన కథ తప్పు" అంది.

ఖాళీ సీసాని పైకెత్తి చూపించింది.

"వాళ్ళు ఒకే రకం చార్జీలు కాదు సార్. పైకి అలా కనబడతారు. ఈ ఆముదం ఆవిడ కాచిందే. మా ఇంటి ఆవకాయ ఆవిడకి వెళుతుంది. మాటల్లేకపోయినా ఇది ఆగలేదు. ఇద్దరినీ నిజంగా విడదీయాలంటే ఎవరో బయటినుంచి వచ్చి కష్టపడాలి. దగ్గరికి తేవడానికి కాదు, విడదీయడానికి కష్టపడాలి. అంత కష్టపడితే గానీ సున్నాకి, అంటే ఒకరి ఊసు ఒకరికి లేనంత దూరానికి, కూడా చేరరు. ఆ బాకీయే మైనస్."

సౌరభ్ చెయ్యెత్తి, "అయితే ఇందాక చెప్పిన ఉదాహరణ విరిగిపోయింది కదా సార్" అన్నాడు.

"ఏ ఉదాహరణైనా ఎక్కడో ఒకచోట విరుగుతుంది. ఎక్కడ విరిగిందో కనిపెట్టిందంటే పాఠం వచ్చినట్టే" అన్నారాయన. ఆ పైన తనుశ్రీతో తెలుగులో, "సోమవారం నీ బెంచీలోనే కూర్చో. ఆ మిగిలిన రవ్వ మాత్రం ఇక్కడ వదిలెయ్, స్టాఫ్ రూములో వేడినీళ్ళున్నాయి" అన్నారు. ఆయన తెలుగులో మంచి మాట చెప్పడం ఆమె వినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

ఇంటికెళ్ళేసరికి జగదాంబ గుమ్మంలోనే ఉంది. "ఎంతమంది తాగినారే?"

"ఎవరూ తాగలేదు నానమ్మా. నేను పాసయ్యాను" అని సంగతంతా చెప్పింది, పూర్తిగా తెలుగులో. ధనమ్మ పేరు క్లాసులో చెప్పానని భయపడుతూనే ఒప్పుకుంది.

"దాని పేరే సెప్పినావేటి? నా పేరు సెప్పలేదా?"

"నీ పేరు లేకుండా ఆవిడ కథ ఎలా వస్తుంది?"

జగదాంబ కాస్త శాంతించింది. మైనస్ గురించి మాత్రం రెండోసారి చెప్పించుకుని వింది. సీసా తీసుకుని శనగపిండితో రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నిండా సున్నుండలు పెట్టింది. తనుశ్రీ అలవాటు ప్రకారం చెయ్యి చాపింది. సీసా ఆ చేతికి రాలేదు.

"గొడుగు నువ్వు పట్టు. సీసా నాను పట్టుకుంటాను. నీకిత్తే తడిపేత్తావు" అని జగదాంబ చెప్పులు తొడుక్కుంది.

వాన తగ్గి సన్న చినుకులు పడుతున్నాయి. ఇద్దరూ ఒకే గొడుగులో నడిచారు. ఒళ్ళు చుర్రుమనే మలుపు దగ్గర తనుశ్రీ నానమ్మ మొహం కేసి చూసింది. జగదాంబ ఆగలేదు. పైగా నడక జోరందుకుంది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ లాగలేదు, గొడుగు పట్టుకున్న పిల్లే వెనకబడి తడిసింది.

ధనమ్మ గుమ్మం ముందు జగదాంబ గొంతు సవరించుకుంది.

"ధనమ్మా" అని పిలిచింది. "నీ సీసా తెచ్చినాను. తలుపు తియ్యి."

లోపలినుంచి వెంటనే జవాబొచ్చింది.

"తలుపు తీసే ఉందప్పా. తోసుకొని రా."